ఇస్‌బ్రాండ్, వయసు మూడేళ్ల రెండు నెలలు

మానిటోబాలో, ఎప్పుడో రష్యా నుంచి వలసొచ్చినవాళ్ల ఊరు హోక్‌ఫెల్ట్‌లో క్నెల్సెన్ ఇంటిపేరు గల గడపలు పదకొండు. ఆ పదకొండు గడపల్లో మగవాళ్లకి ఉన్న పేర్లన్నీ కలిపితే ఏడు దాటవు. వీధిలో నిలబడి అబ్రామ్ అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. అందుకని ఊరు ఒక్కొక్కడికీ ఒక తోక తగిలించింది. ఒకడు ఎర్ర క్నెల్సెన్. ఒకడు మలుపు క్నెల్సెన్. ఇంకొకడి తాత ఎప్పుడో గాలిమర మీంచి కిందపడి బతికాడు గనక మనవల దాకా అందరూ పడ్డ క్నెల్సెన్లే. ఇస్‌బ్రాండ్‌కి నిజానికి ఏ తోకా అక్కర్లేదు. అది అతని తల్లి వైపు తాత పేరు, చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లలో ఆ పేరుతో బతికున్నవాడు అతనొక్కడే. అయినా ఊరు ఊరుకుంటుందా? అతన్ని గుడ్ల క్నెల్సెన్ అన్నారు.

పట్నం రోడ్డు మీద గుడ్లు ఏరే షెడ్డులో అతను ముప్పయ్యొక్క సంవత్సరాలు పనిచేశాడు. చీకటి గదిలో కూర్చుని ఒక్కొక్క గుడ్డునీ దీపానికి అడ్డంగా పట్టుకుని, లోపల నెత్తురు చుక్క ఉందా, పిల్ల కట్టిందా అని చూసి, మంచివి ఇటూ చెడ్డవి అటూ పెట్టడం పని. షెడ్డులో మిగతావాళ్లు రెండేళ్లకే కళ్లు లాగుతున్నాయని మానేశారు. ఇతను మానలేదు. పైపెంకు చూసి మోసపోకుండా లోపలిది చెప్పగలగడం తనకి వచ్చిన విద్య అనుకునేవాడు. ఆ గర్వం అతన్ని చివరికి ఎక్కడ దెబ్బ తీసిందో చెప్పడానికే ఈ కథ.

రెండో పని నలభై రెండో ఏట మొదలైంది. దానికి జీతం లేదు, పైగా భార్య లీజె చేత తిట్లు. పాత ఫొటోలు చూసి అందులో ఉన్నవాళ్లెవరో తేల్చడం, ఏ తాతకి ఏ ముత్తాతో రష్యా దాకా, ఆ వెనక ప్రష్యా దాకా కార్డుల మీద రాసిపెట్టడం. దానికి ఆదివారమే దొరికేది. మధ్యాహ్నం భోజనం చేసి, ఊరంతా ఒక కునుకు తీసి లేచాక, మూడింటికి ఎవరింటికైనా చెప్పకుండా వెళ్లొచ్చు. చెప్పి వెళ్తేనే తప్పు, ఏదో గొడవకి వచ్చారనుకుంటారు. కాఫీ, రెండంతస్తుల బన్నులు, రేగు జామ్, కాఫీలో ముంచుకోవడానికి చక్కెర బిళ్లలు. అవి అయ్యాక పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఇస్‌బ్రాండ్ మెల్లిగా అడిగేవాడు, "పాత ఫొటోలేమైనా ఉన్నాయా?" అని. లేవనేవాళ్లు. ఇంకో పిడికెడు గింజలయ్యాక మంచం కిందినుంచి బిస్కెట్ల డబ్బా బయటికొచ్చేది.

ఆ డబ్బాల్లో సగం చావు ఫొటోలే. పెళ్లికి కూడా కెమెరా ముందు నిలబడనివాళ్లు చావుకి నిలబడేవారు. శవపేటికని వాకిట్లోకి తెచ్చి, తలవైపు కాస్త ఎత్తి, చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడితే ఫొటో తీసేవాళ్లు. రష్యాలో ఉండిపోయిన చుట్టాలకి పంపడానికి. రాలేనివాళ్లు కడసారి చూసుకోవాలి కదా. ఆ ఫొటోలని ఎవరూ దాచలేదు, ముందుగదిలో గడియారం పక్కనే తగిలించుకున్నారు. ఇస్‌బ్రాండ్ వాటిని భూతద్దంతో చూసి, ఆడవాళ్ల నల్లటోపీ కుచ్చుని బట్టి ఏ ఊరో, మగవాళ్ల కోటు బొత్తాలని బట్టి ఏ చర్చి సంఘమో, వెనక తలుపు చట్రాన్ని బట్టి ఎవరి ఇల్లో చెప్పేవాడు. తొంభై పాళ్లు ఒప్పే అయ్యేది.

అట్లా వందలమందికి వాళ్ల అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ చూపించినవాడికి తన తల్లి ముఖం తెలియదు. రెండున్నరేళ్లప్పుడు ఆమె కాన్పులో పోయింది, బిడ్డా పోయింది. తండ్రి మూడు నెలలకే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. తండ్రిది పాత పద్ధతుల సంఘం. ఫొటో అంటే గర్వం, గర్వమంటే పాపం. పందొమ్మిది వందల ఇరవై రెండులో ఆ సంఘం మొత్తం, పెద్దతో సహా, పుట్టుకలూ చావులూ రాసే సంఘం పుస్తకంతో సహా, రైలెక్కి మెక్సికో పోయింది. ఏడేళ్ల ఇస్‌బ్రాండ్ అప్పుడు ఒళ్లంతా ఎర్రదద్దుర్లతో, జ్వరంతో మంచం మీద ఉన్నాడు. తగ్గాక వచ్చి తీసుకుపోతామని, పిల్లలు లేని పెదనాన్న ఇంట్లో వదిలారు. తీసుకుపోలేదు. ఏడాదికో ఉత్తరం వచ్చేది: వాన పడిందనో, ఆవు ఈనిందనో, ఫలానావాళ్లు పోయారనో.

"అమ్మ ఎట్లా ఉండేది?" అని చిన్నప్పుడు ఒకసారి పెదనాన్నని అడిగాడు.

పెదనాన్న గుర్రానికి జీను బిగిస్తూ చాలాసేపు ఆలోచించాడు. "ఆడమనిషిలాగే ఉండేది," అన్నాడు.

అది అడగకూడని విషయమని అతనికి అర్థమైంది. కానీ కోరిక పోలేదు. ప్రతి ఇంట్లోనూ, ప్రతి డబ్బాలోనూ అతను వెతుకుతున్నది ఒక్క ముఖమే. ఆ సంగతి లీజెకి తెలుసు. మిగతా ఊరికి, వంశవృక్షాల పిచ్చి అని మాత్రమే తెలుసు.

ఎనభై ఎనిమిది వసంతంలో, డెబ్భై మూడో ఏట, కళ్ల డాక్టరు అతనికి ఉన్నమాట చెప్పేశాడు. కంటి నడిమధ్య మచ్చ పడుతోంది. ఎటు చూస్తే అక్కడే బూడిదరంగు మరక. అంచులు మిగులుతాయి, నడవొచ్చు, తినొచ్చు. మనిషి ముఖం మాత్రం శీతాకాలం వచ్చేసరికి కనపడదు.

"గుడ్లు చూసి చూసి తెచ్చుకున్నావు," అంది లీజె కారు నడుపుతూ. "అది చాలక ఆదివారాలు దయ్యాల్ని చూశావు."

"గుడ్ల వల్ల కాదట. వయసు వల్లట."

"డాక్టరుకేం తెలుసు? ఆయనెప్పుడైనా గుడ్డు పట్టి చూశాడా?" అంది. తర్వాత ఇల్లు వచ్చేదాకా మాట్లాడలేదు. ఆ మౌనం లీజె ఏడుపని అతనికి తెలుసు గనక అతనూ మాట్లాడలేదు.

అంటే అతని చేతిలో మిగిలింది ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో తల్లి ముఖం దొరకాలి, దొరికినా అది చూడగలిగినప్పుడు దొరకాలి. అతను జర్మనీకీ, పక్క రాష్ట్రం సస్కచేవాన్‌కీ ఉత్తరాలు రాశాడు, రాయడం కష్టమైతే లీజె చేత రాయించాడు. ఏదీ రాలేదు.

జులైలో చెల్లెలు వచ్చింది.

చెల్లెలంటే సవతి తల్లి కూతురు, సుసన్నా. మెక్సికోలో పుట్టి అరవై ఏళ్లు అక్కడే బతికిన మనిషి. అన్నాచెల్లెళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకోవడం అదే మొదటిసారి. ఆమె పిల్లలకి ఇక్కడ పని దొరికింది. ఉండిపోవాలంటే, తాత మానిటోబాలో పుట్టినవాడేనని కాగితం చూపించాలి. అందుకోసం అక్కడి సంఘం పెద్దని బతిమాలి, పాత పుస్తకంలో తమ ఇంటి పుటని చేత్తో నకలు రాయించుకుని తెచ్చింది. ఆమె నల్లగౌను అంచులకి ఇంకా ఆ దేశపు ఎర్రదుమ్ము ఉంది. వంటింటి బల్ల ముందు కూర్చుని ఒక్కొక్క మాటా ఆచితూచి మాట్లాడింది.

"అన్నయ్యా, నీకీ కాగితాల సంగతి బాగా తెలుసటగా. ఇది సరిపోతుందేమో కాస్త చూసి పెట్టు."

ఇస్‌బ్రాండ్ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తల పక్కకి తిప్పి, కంటి అంచుతో ఒక్కొక్క వరసా పట్టుకున్నాడు. తండ్రి పేరు, పుట్టిన రోజు. తల్లి పేరు. తర్వాత పిల్లలు. మొదటి వరస: ఇస్‌బ్రాండ్, పుట్టుక 1911 ఆగస్టు నాలుగు. అతను ఆగాడు. నకలు రాసినవాడు తప్పు రాశాడనుకున్నాడు. తను పుట్టింది 1915 జనవరిలో. ఆ వరస చివర ఇంకో తేదీ ఉంది: మరణం 1914 అక్టోబరు తొమ్మిది. దాని కింద వరస: ఇస్‌బ్రాండ్, పుట్టుక 1915 జనవరి పదిహేను.

పిల్లాడు పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం వీళ్లలో ఎప్పటినుంచో ఉన్న మాటే. పేరు ఖాళీగా ఉండకూడదు. ఒక ఇంట్లో పేటర్ పోతే ఇంకో పేటర్, వాడూ పోతే మూడో పేటర్. ఇస్‌బ్రాండ్ తన కార్డుల్లో అలాంటి ఇళ్లు అరవై మూడు లెక్కతేల్చి, పేరు పక్కన చిన్న సున్నా చుట్టిపెట్టాడు. కుర్రవాళ్లెవరైనా వంశవృక్షం రాసుకుని తెస్తే, "ముందు ఈ పేరు మొదటివాడిదో రెండోవాడిదో చూసుకో" అని అతనే పాఠం చెప్పేవాడు. తన పేరు మాత్రం తనదే అనుకున్నాడు. పేరు నిండాక పోయినవాడి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఇతనికి ఎత్తడానికి ఇల్లే లేదు.

"నాకో అన్న ఉండేవాడా?" అన్నాడు.

"నీకు తెలీదా?" సుసన్నా ఆశ్చర్యపోయింది. "ఆ ఏడాది పిల్లలకి గొంతు రోగం వచ్చిందట కదా. ఆ ఫొటో గొడవ కూడా తెలీదా మరి?"

"ఏ ఫొటో?"

"అదే, శవప్పెట్టె పక్కన తీయించింది. మీ అమ్మ పట్టుబట్టిందట. రష్యాలో వాళ్ల మేనత్తకి పంపాలని. ఆ మేనత్త దగ్గరే పెరిగారట మీ అమ్మా, ఆమె చెల్లెలూ. నాన్న వద్దన్నా వినలేదట, పట్నం నుంచి ఫొటోలాయన్ని పిలిపించిందట. తర్వాత నాన్న ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణ అడగాల్సొచ్చింది. పెళ్లాం మీదకి నెట్టకుండా, తప్పు నాదే అన్నాడట. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది ఆ మాట. దెప్పడానికే అనుకో."

ఇస్‌బ్రాండ్ కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు. ఆ ఫొటో ఎక్కడుందో అతనికి తెలుసు. నాలుగిళ్ల అవతల, యుస్టీనా వంటింటి గోడ మీద ఉంది. దాన్ని అక్కడ పెట్టింది తనే.

యుస్టీనా అతని పిన్ని కూతురు. అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకే ఏడాది పెళ్లయింది. చెల్లెలు తైక్రోబ్ ఇంటికి వెళ్లింది, వాళ్లది ఫొటోలకి అడ్డు చెప్పని సంఘం. ఇద్దరూ తొలిబిడ్డకి తమ తండ్రి పేరే పెట్టుకున్నారు. ఇద్దరి తొలిబిడ్డల్నీ ఆ ఏడాది గొంతు రోగమే ఎత్తుకుపోయింది. తర్వాత ఒకళ్లకి యుస్టీనా పుట్టింది, అయిదు వారాలకి ఇంకొకళ్లకి ఇతను పుట్టాడు. చెల్లెలు 1916లో పోయింది, అక్క 1917లో. యుస్టీనా ఎవరింట్లోనో పాలు పితుకుతూ, వేరేవాళ్ల పిల్లల్ని ఎత్తుకుంటూ పెరిగింది. ముక్కుమీదే కోపం. పెళ్లయింది, భర్త పోయాడు, పిల్లల్లేరు. ఊళ్లో బొంతలు కుట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు. ఆమె నోటికీ అంతే.

పదకొండేళ్ల కిందట, రష్యా వదిలి జర్మనీ చేరిన ఒక ముసలాయన ఇస్‌బ్రాండ్‌కి ఒక కట్ట ఫొటోలు పంపాడు. అందులో ఒకటి: చిన్న పెట్టె, దాని పక్కన ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. వెనక పాత జర్మన్ లిపిలో పెన్సిలు రాత, "ఇస్‌బ్రాండ్, వయసు మూడేళ్ల రెండు నెలలు. అక్టోబరు 1914." ఇంటిపేరు లేదు. చుట్టాలకి చుట్టం ఇంటిపేరు రాసేదెవరు? ఇస్‌బ్రాండ్ కార్డులు తీశాడు. మూడేళ్లకి పోయిన ఇస్‌బ్రాండ్ అందులో ఒక్కడే, తైక్రోబ్ వాళ్ల పిల్లాడు, యుస్టీనా అన్న; కార్డు మీద ఏడాది మాత్రమే ఉంది, నెలా తేదీ లేవు. ఇంకో ఇస్‌బ్రాండ్ ఎవరంటే, బతికుండి కార్డులు తిరగేస్తున్నవాడు. పైగా ఫొటో తీయించుకున్నారంటే పాత సంఘంవాళ్లు కారు. సందేహమే లేదు. చట్రం కట్టించి తీసుకెళ్లి ఇచ్చాడు.

"ఎవరీమె?" అని అడిగింది యుస్టీనా.

"మీ అమ్మ. ఆ గడ్డం చూడు, నీదే."

ఆమె చట్రాన్ని బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లి, తామిద్దరికీ అక్కర్లేనన్ని బంగాళాదుంపల తొక్క తీసింది. చాలాసేపటికి బయటికొచ్చి, "కాఫీ చల్లారిపోయింది, మళ్లీ పెట్టమంటావా?" అంది. అంతే. కానీ ఆనాటి నుంచి పొద్దున్నే పొయ్యి వెలిగించగానే ఆ ఫొటోతో రెండు ముక్కలు మాట్లాడటం ఆమెకి అలవాటైందని ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె ముందు ఎవరూ నవ్వలేదు.

సుసన్నా వెళ్లిపోయాక లీజె అంట్లు తోముతూ అంది, "చెప్పకు."

"తప్పుగా రాశాను లీజె. తైక్రోబ్ వాళ్ల వంశం పుస్తకంలో అచ్చు కూడా అయింది."

"అచ్చయితే అయింది. ఆ పుస్తకం తెరిచేదెవరు? బల్ల కాలు పొట్టిదైనవాళ్లు కింద పెట్టుకుంటారు. డెబ్భై మూడేళ్ల ముసల్దాని దగ్గర్నుంచి అమ్మని లాక్కుంటావా?"

"మా అమ్మ అది."

లీజె చేతులు ఆపింది. "అవును, నీ అమ్మే," అంది. "అదే కదా నా బాధ."

జులై, ఆగస్టు గడిచాయి. ఇస్‌బ్రాండ్ ఆదివారాలు ఎక్కడికీ వెళ్లలేదు. గోధుమ కోతల దుమ్ము లేచింది, అణిగింది. కంటిలో మరక పెద్దదైంది. ముందు పేపర్లో అక్షరాలు పోయాయి, తర్వాత గడియారం ముల్లు పోయింది, ఒకరోజు కాఫీ పోస్తున్న లీజె ముఖం పోయింది. చెవిపోగు కనిపించింది, టోపీ అంచు కనిపించింది, మధ్యలో మనిషి లేదు. చెప్పకుండా ఊరుకోవడమంటే చూడకుండా ఊరుకోవడమేనని, ఇంకొక్క నెల ఊరుకుంటే ఇక చెప్పినా చెప్పకపోయినా ఒకటేనని అతనికి అర్థమైంది. అతనికి భయమేసింది. అది యుస్టీనా కోపం గురించి భయం కాదు, తనకి ఏమీ మిగలదనే భయం. అవునంటే అవును, కాదంటే కాదు అని తప్ప ఒట్టు కూడా వేయని మనుషుల మధ్య పుట్టి, రెండు నెలలుగా అవునూ అనక కాదూ అనక తిరుగుతున్నందుకు సిగ్గు కూడా వేసింది.

సెప్టెంబరు మూడో ఆదివారం, కునుకు తీసి లేచి, రేగు జామ్ సీసా చంకలో పెట్టుకుని నాలుగిళ్లూ నడిచాడు.

"ఏరా, చచ్చావనుకున్నాను," అంది యుస్టీనా తలుపు తీసి. అయిదు వారాలు పెద్దదాన్నన్న హక్కుతో ఆమె అతన్ని పుట్టినప్పటినుంచీ ఒరే అనే పిలుస్తుంది. "లీజె రాలేదేం?"

"నడుం నొప్పంది."

"లీజెకి నడుం నొప్పా? దూడని ఎత్తుకుపోతుంది అది. ఏదో మోసుకొచ్చావు నువ్వు. కూర్చో, కూర్చుని కక్కు."

అతను కూర్చున్నాడు. గోడ మీద చట్రం ఎటుందో తెలుసు, అటు చూశాడు. చట్రం అంచు కనిపించింది.

"యుస్టీనా, ఆ ఫొటోలో ఉన్నది పిన్ని కాదు."

"ఏ పిన్ని?"

"మీ అమ్మ కాదు. మా అమ్మ. నేను తప్పు చెప్పాను."

యుస్టీనా నవ్వింది. "గుడ్డివాడివయ్యాక నీకు బాగా కనిపిస్తున్నట్టుందే," అంది. అతను నవ్వకుండా జేబులోంచి నకలు కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సుసన్నా చెప్పిందంతా చెప్పాడు, తండ్రి సంఘం ముందు నిలబడటంతో సహా. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. పొయ్యి మీద నీళ్లు మరిగి పొంగినా లేవలేదు.

"పదకొండేళ్లు," అంది చివరికి. "పదకొండేళ్లు పొద్దున్నే లేచి నా మోకాళ్ల నొప్పులు ఎవరికి చెప్పుకున్నానురా నేను?"

"మీ పెద్దమ్మకే కదా. పరాయిది కాదు."

"నోర్మూసుకో. పెద్దమ్మ అమ్మవుతుందా?"

అతను చంకలోని జామ్ సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"గడ్డం నాదేనన్నావు. నేను అద్దం పెట్టుకుని చూసుకున్నాను, తెలుసా? ఈ వయసులో, అద్దం!" ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద గట్టిగా పెట్టింది. "అందరికీ చెప్పేవాడివి, ముందు మొదటివాడా రెండోవాడా చూసుకోమని. నీదాకా వచ్చేసరికి నువ్వే మొదటివాడివయ్యావు. దొరగారు!"

"అవును," అన్నాడు. "పుస్తకంలో మార్పిస్తాను. తప్పు నాదేనని రాయిస్తాను."

"రాయించుకో. నేనేమైనా చదువుతానా!" ఆమె లేచి, చట్రాన్ని మేకు మీంచి తీసి, తెచ్చి అతని ఒళ్లో పడేసింది. "ఇదిగో, తీసుకుపో మీ అమ్మని."

అతను చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. తల ఎడమకి తిప్పాడు. పెట్టె చెక్కలు కనిపించాయి. కుడికి తిప్పాడు. తలుపు చట్రం, ముఖం పక్కకి తిప్పుకున్న మగమనిషి భుజం, తండ్రిదే అయుండాలి. ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మరక. ఎటు తిప్పినా మరక ఆమె మెడ మీదే కూర్చుంటోంది. ఆగస్టులో వచ్చుంటే కనపడేదేమో. పదకొండేళ్ల కిందట, కళ్లు బాగున్నప్పుడు, ఈ ఫొటో రెండు వారాలు అతని బల్ల మీదే ఉంది. భూతద్దంతో గంటలకొద్దీ చూశాడు. ఆమె టోపీ కుచ్చు ఎన్ని మడతలో ఇప్పుడడిగినా చెప్పగలడు. ముఖం మాత్రం, గడ్డం తప్ప, చూడనేలేదు. అది ఇంకొకళ్ల అమ్మ కదా. ఆ సంగతి తలుచుకునేసరికి అతనికి ఏడుపొచ్చింది, దాన్ని ఆపుకోలేదు.

యుస్టీనా అతని వంకే చూస్తూ నిలబడింది. "కనపడట్లేదా?" అంది.

"లేదు."

"అసలేం కనపడట్లేదా?"

"అంచులు కనపడతాయి." ఫొటోని ఒళ్లోకి దించుకుని అన్నాడు, "నువ్వు చెప్పు. రోజూ చూశావుగా."

"నేనెందుకు చెప్పాలి?" అని గదమాయించి, వెళ్లి పొయ్యి మీంచి నీళ్లు దించి, కాఫీ పెట్టి, రెండు కప్పుల్లో పోసి, అతనికి రెండు చక్కెర బిళ్లలు వేసింది, అతను ఒకటే వేసుకుంటాడని తెలిసీ. తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఫొటో వైపు చూడలేదు. చూడక్కర్లేదు.

"నుదురు పెద్దది. టోపీ కాస్త ఎడమకి జారింది, సర్దుకోలేదు. కనుబొమలు పల్చగా, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. కళ్లు ఏడ్చిన కళ్లు కావు. ఏడవడం అయిపోయిన కళ్లు. ఫొటోలాయన వంక సూటిగా చూస్తోంది, నువ్వెవరు నాకు చెప్పడానికి అన్నట్టు. మీ నాన్నకి సిగ్గు, ఆమెకి లేదు. పెదాలు బిగించింది. కింది పెదవి మీద ఏదో చిన్న మచ్చ, లేక ఫొటో మరకో, నేనెన్నిసార్లు తుడిచినా పోలేదు."

"ఇంకా?"

"ఎడంచెయ్యి పెట్టె అంచు మీదుంది. కుడిచెయ్యి..." ఆమె ఆగింది.

"కుడిచెయ్యి?"

"కడుపు మీదుంది. నీకప్పుడూ కనిపించలేదా? ఎట్లా కనపడుతుంది, మగాడివి, కుచ్చులు లెక్కపెట్టుకుంటూ కూర్చునుంటావు. పైన పెద్ద శాలువా కప్పుకుంది, కానీ ఆ చెయ్యి పెట్టిన తీరు చూస్తే ఏ ఆడదానికైనా తెలుస్తుంది. నెలలతో ఉన్న మనిషి." ఆమె కాఫీ కప్పుని చేతుల్లో తిప్పింది. "నేను దాన్నే చూసేదాన్నిరా రోజూ. ముఖం కంటే దాన్నే. ఆ చేతి కింద ఉన్నది నేననుకున్నాను."

వీధిలో ఎవరింట్లోనో పలకరింపులకి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నవ్వుతున్నారు.

ఇస్‌బ్రాండ్ చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, చట్రాన్ని పట్టుకుని లేచాడు. తలుపు వైపు వెళ్తాడనుకుంది. అతను గోడ దగ్గరికి వెళ్లి ఒక చేత్తో తడమటం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావురా?"

"మేకెక్కడుంది?"

"మీ అమ్మరా అది!"

"అవును, మా అమ్మే," అన్నాడు ఇస్‌బ్రాండ్. "నాకు కనపడదు. నీకు కనపడుతుంది."

యుస్టీనా లేచి వెళ్లి, అతని మణికట్టు పట్టుకుని మేకు దగ్గరికి తీసుకెళ్లింది.